రెండో గోడ

శిష్యులు ఏదైనా అడిగితే నాగలింగయ్యగారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చేతిలో ఉన్న పని ముగించుకుని, చేతులు కడుక్కుని, అప్పుడు మాట్లాడేవారు. ఒకసారి కోదండం అనే శిష్యుడు అడిగాడు: "స్వామీ, ఒక నష్టంలో నలుగురికీ తలా కొంత పాత్ర ఉంటే, తప్పు ఎవరిదని తేల్చాలి?"

గురువుగారు ఈ సంగతి చెప్పారు.

ఒక సాలెవీధిలో అంకాలమ్మ అనే ఆమె ఒంటరిగా ఉంటూ, ఇంట్లోని గుంటమగ్గం మీద చీరలు నేసి బతికేది. వీధి వాలుకు ఆమెదే చివరి ఇల్లు. ఒక పెద్ద వానకు పైన కాలువ పూడిపోయి, నీళ్లు ఆమె ఇంటివైపు మళ్లాయి. వెనక మట్టిగోడ నాని కూలింది.

కాలువ మీద తన ఇంటి మెట్ల కోసం బండ పరిచినవాడు పుల్లన్న. పాత ఇల్లు విప్పి, ఆ మట్టిని కాలువ పక్కన పోసినవాడు చౌడప్ప.

"బండ లేకుంటే నా మట్టి నీళ్లతో పాటే పోయేది" అన్నాడు చౌడప్ప.

"బండ వేసి ఏళ్లయింది. నీ మట్టి రాకముందు ఏనాడన్నా నీళ్లు ఆగాయా?" అన్నాడు పుల్లన్న.

ఇద్దరి మాటా నిజమే. పెద్దమనుషులు పంచాయతీకి కూర్చున్నారు. ఈలోగా అంకాలమ్మ పార తెచ్చి బండ కింద మట్టి తీయబోయింది. వాళ్లు వారించారు.

"ఇప్పుడు తీసేస్తే దేనివల్ల పూడిందో రేపు ఎట్లా చూపిస్తావమ్మా? తేలేదాకా ఎవరూ ముట్టుకోవద్దు."

"మళ్లీ మబ్బు పట్టింది, అయ్యా."

"నీ మంచికే చెబుతున్నాం."

ఆమె పార పక్కన పెట్టింది. కూలిన వైపు గోనెపట్టాలు కట్టుకుని, సగంలో ఉన్న చీర ముందు కూర్చుంది.

విచారణ శ్రద్ధగానే సాగింది. కాలువ లోతు కొలిచారు. బండ వెడల్పు కొలిచారు. అంకాలమ్మ గోడకు ముందే బీటలున్నాయని ఒకరు గుర్తుచేస్తే, అదీ లెక్కలోకి తీసుకున్నారు. ఇంకా మాట్లాడుతుండగానే వాన మొదలైంది. నీళ్లు ఆ బండ దగ్గరే ఆగి, ఆ దారినే ఆమె ఇంట్లోకి వెళ్లాయి. పక్కగోడ మగ్గం మీద పడింది. లోపలికి వస్తున్న నీళ్లు ఎత్తిపోయడానికి అప్పుడే లేచింది కాబట్టి ఆమె బతికింది. మగ్గం విరిగింది. చీర బురదలో కలిసింది. ఆ తర్వాత అంకాలమ్మ ఇంకొకరి ఇంట్లో, ఇంకొకరి మగ్గం మీద కూలికి నేసింది.

కోదండం "చివరికి తప్పు ఎవరిదని తేల్చారు, స్వామీ?" అన్నాడు.

"మొదటి గోడ సంగతి ఇప్పటికీ తేలలేదు, నాయనా" అన్నారు గురువుగారు. "రెండో గోడ గురించి ఎవరూ పంచాయతీ పెట్టలేదు."