దాలమ్మ తాబేలు, జాలిగుండె కొంగ

అనగనగా ఒక అడవి. పులులూ సింహాలూ తిరిగే అడవి కాదర్రా, సముద్రం ఒడ్డునుండే మడ అడవి. అందులో ఒక మడుగు. మడుగులోంచి చిన్న పాయ పారి సముద్రంలో కలిసేది. ఆ కలిసేచోటుని మొగ అంటారు. ఎండలు ముదిరితే మొగకి అడ్డంగా ఇసక మేట వేసేస్తుంది. ఇక వానలు పడేదాకా దారి బంద్.

ఓ రోజు పోటునీళ్లతో పాటు దాలమ్మ అనే సముద్రపు తాబేలు ఆ మడుగులోకి కొట్టుకొచ్చింది. వలతాడు చుట్టుకుని ముందుకాలు కోసుకుపోయి వేలాడుతోంది. భీమేశం అనే కొంగ చూసింది. మొదట్లో మంచే చేసింది, కాదనకూడదు. ముక్కుతో తాడు లాగేసింది. చేపలు ముక్కలు చేసి నోట్లో పెట్టింది. రెండు నెలలు తిరిగేసరికి పుండు మానింది.

మానిందా? అప్పుడు మొదలైంది కొంగగారి అసలు వైద్యం!

బాతులూ, నక్కలూ, ఉడుములూ చూడ్డానికి వరస కట్టాయి. "భీమేశంగారిది ఎంత జాలిగుండె!" అన్నాయి. కొంగ మెడ రోజుకో జాన పొడుగైంది.

"బాబూ, నేనింక ఇంటికి పోనా?" అనడిగింది దాలమ్మ.

"అప్పుడేనా తల్లీ! మచ్చ ఇంకా ఎర్రగా ఉంది," అంది కొంగ.

వారం పోయాక దాలమ్మ మళ్లీ అడిగింది.

"ఎల్లుండి గూడబాతులు వస్తున్నాయి. నువ్వు లేకపోతే వాళ్లకి ఏం చూపించను?" అంది కొంగ.

మూడోసారి అడుగుదామని నోరు తెరిచింది. తెరిచిన నోట్లో చేపముక్క పడింది. అది నములుతూ దాలమ్మ అడగడమే మర్చిపోయింది.

అడుగున బురదలోంచి ఎవరో పకపకా నవ్వారు. గురమ్మ పీత. నోరు మంచిది కాదని మడుగంతా దాన్ని దూరం పెట్టింది.

"ఏమ్మా దాలమ్మా, నువ్వు తాబేలువా, మంచం దిగని బాలింతవా? నోటికందిస్తేగానీ తినవేం?"

"కాలు బాగోలేదక్కా."

"కాలు శుభ్రంగా ఉంది. బుద్ధే కుంటుతోంది. మొగ సగం పూడిపోయింది, చూశావా? ఇంకో నాలుగు రోజులు ఇలాగే మింగుతూ కూర్చో. ఎండకి ఈ మడుగు పాయసంలా ఇగిరిపోతుంది. అందులో జీడిపప్పువి నువ్వే."

దాలమ్మకి ఒళ్లు మండింది. "అయితే ఇప్పుడే పోతా!"

"పోయి ఏం తింటావ్? సముద్రంలో ముక్కలు కోసిపెట్టే కొంగల్లేవు. ముందు నన్ను పట్టుకో, చూద్దాం."

ఒడ్డు మీంచి కొంగ పిలుస్తోంది. "రా తల్లీ, ఆఁ అను!"

దాలమ్మ నోరు గట్టిగా మూసుకుంది. మునిగింది.

మునిగిందా? ఎక్కడ! పని మరిచిన ఒళ్లు బెండులా పైకి తేలింది.

"ఎండు కొబ్బరిడొక్కా!" అని వెక్కిరించింది గురమ్మ.

రెండోరోజు అడుగుదాకా వెళ్లింది. నోటినిండా బురదే.

"తిను, తిను. కొంగగారు పెట్టలేదని రుచించడం లేదా?"

మూడోరోజుకి కడుపు నకనకలాడుతోంది. కొంగ తెచ్చిన ముక్క వంక కూడా చూడలేదు. కసిగా కిందకి దూకింది. కటుక్కున గురమ్మ కాలు నోటికి దొరికింది. గురమ్మ ఆ కాలు తెంపుకుని రాయి కిందకి దూరింది.

"అయ్యో అక్కా, నీ కాలు!"

"నా కాలు మళ్లీ మొలుస్తుందే పిచ్చిదానా. ఆ మొగ నీ కోసం ఆగుతుందా? ఫో!"

దాలమ్మ పోయింది. మొగ దగ్గర సరిగ్గా తన డిప్ప పట్టేంత సందు మిగిలింది.

"ఆగు తల్లీ! రేపు నీటికోళ్లు వస్తామన్నాయి!" వెనకనుంచి కొంగ అరుపు.

దాలమ్మ పొట్ట ఇసకకి రాసుకుంటూ, మానిన కాలితోనే తోసుకుంటూ, ఉప్పునీళ్లలో పడింది. వెనక్కి చూడలేదు.

మర్నాడు నీటికోళ్లు వచ్చాయి. ఖాళీ మడుగు చూసి, "ఇందుకా రమ్మన్నావు?" అని ఎగిరిపోయాయి. ఇప్పటికీ భీమేశం ఒడ్డంట తిరుగుతూ కనబడ్డవాళ్లందర్నీ అడుగుతుంది, "ఏం నాయనా, నీకెక్కడా దెబ్బ తగల్లేదా?" అని.

లేదంటే చాలు, మొహం మాడ్చుకుంటుంది.

నీతి: బాగుచేసినవాళ్లకి దణ్ణం పెట్టండి. బాగయ్యాక కూడా వదలకపోతే, ఇంకో దణ్ణం పెట్టి బయటపడండి.