వగరు జామచెట్టు, ఎర్ర జెల్లీ

ఊ కొడుతూ వినాలి మరి. మధ్యలో నిద్రపోతే కథలో జెల్లీ అంతా నేనే తినేస్తాను. సరేనా?

అనగనగా, సంతకి ఆమడ దూరంలో ఉన్న ఒక ఊళ్ళో, నూకాలు అని నీయంత పిల్ల ఉండేది. వాళ్ళ పెరట్లో ఒక జామచెట్టు. ఆ కాయలు ఎంత వగరంటే, చిలకలు కూడా ఒక్కసారి కొరికి చూసి, మళ్ళీ ఆ పెరటి వైపు వచ్చేవి కావు. కానీ నూకాలుకి మాత్రం చదువు, ఆట, అలక అన్నీ ఆ చెట్టు కొమ్మ మీదే.

ఒకరోజు వాళ్ళ నాన్న అప్పలకొండ, "పనికిరాని చెట్టు. శనివారం కొట్టేసి అక్కడ గేదెకి పాక వేస్తాను," అన్నాడు. నూకాలు ఏడ్చి గగ్గోలు పెట్టింది. అప్పుడు ఆయన కాస్త మెత్తబడి, "సరే, ఈలోపు ఆ కాయల్ని ఎవరైనా ఇష్టంగా తింటే కొట్టనులే," అన్నాడు. ఎవరు తింటారులే అని ఆయన ధీమా.

అప్పుడు నూకాలుకి పక్కవీధి నర్సమ్మగారు గుర్తొచ్చింది. జ్వరమొచ్చి నోరంతా చేదెక్కినప్పుడు, ఆవిడ ఎర్రగా మెరిసే జామ జెల్లీ ఒక చెంచాడు పెట్టింది. తెల్లటి జామకాయలోంచి ఆ ఎరుపెలా వచ్చిందో నూకాలుకి అప్పట్నుంచీ వింతే. పరిగెత్తుకెళ్ళి ఎలా చెయ్యాలో అడిగింది.

"కాయలు తరిగి, మునిగేటన్ని నీళ్ళు పోసి ఉడికించు. పల్చటి గుడ్డలో మూటకట్టి వేలాడదియ్యి. కారిన రసంలో పంచదార వేసి, నిమ్మకాయ పిండి, దగ్గరపడేదాకా కాచు. పొయ్యి దగ్గర మాత్రం మీ అమ్మని ఉండమను," అంది ఆవిడ.

సరే, మొదలుపెట్టింది. మూట కట్టింది. బొట్టు... బొట్టు... ఎంతసేపటికీ గిన్నె నిండదే! నూకాలు ఆత్రం ఆపుకోలేక మూటని రెండు చేతులా పిండేసింది. రసం బోలెడు వచ్చింది. తీరా కాచి చూస్తే కుడితిలా మడ్డిగా ఉంది. నాన్న చూసి ముసిముసిగా నవ్వాడు.

"ఎందుకిలా అయింది నర్సమ్మగారూ?"

"పిండావు కదూ? పిండితే పిప్పి కూడా దిగుతుందమ్మా. దానంతట అది కారాలి."

ఆ తర్వాత, రెండోసారి, మూటని ముట్టుకోకుండా చేతులు కట్టుకు కూర్చుంది. కానీ అతితెలివి ఊరుకుంటుందా? ఈ వగరు కాయలతో ఏం బావుంటుందిలే అని, ఎదురింటి పైడమ్మత్త ఇచ్చిన తియ్యటి, ముగ్గిన పళ్ళు సగానికి పైగా కలిపేసింది. ఎంత కాచినా పానకమే తప్ప గడ్డకట్టలేదు.

మళ్ళీ పరుగు. "ఇదెందుకిలా అయింది?"

నర్సమ్మగారు పడిపడి నవ్వింది. "పిచ్చిపిల్లా, పండు బాగా ముగ్గితే గడ్డకట్టే గుణం పోతుంది. ఆ గుణం వగరు కాయల్లోనే ఎక్కువ. మీ చెట్టునే నమ్ముకో."

అందరూ ఇన్నాళ్ళూ తిట్టిన ఆ వగరే కావలసిందన్నమాట!

శనివారం రానే వచ్చింది. వగరు కాయల రసం సిద్ధంగా ఉంది కానీ కట్టెలు అయిపోయాయి. రెండుసార్లు కాచిందిగా మరి! అప్పుడే నాన్న గొడ్డలి నూరుకుని వచ్చాడు.

"నాన్నా, ముందు దాంతో నాలుగు కట్టెలు కొట్టియ్యి," అంది నూకాలు. ఆయన గొణుక్కుంటూనే పెరట్లో పాత దుంగ ఒకటి చీల్చి పడేశాడు.

రసం మరిగింది. తెల్లగా ఉన్నది పసుపుపచ్చగా అయింది. ఆ తర్వాత నారింజరంగుకి తిరిగింది. అప్పుడు నాన్న గొడ్డలి గోడకి చేరేసి, వంగి చూశాడు.

"ఏం రంగు కలిపావే?"

"ఏమీ కలపలేదు."

"మరి ఎర్రబడుతోందే!"

"అదే నాకూ తెలియట్లేదు నాన్నా!"

ఇంక ఇద్దరూ పొయ్యి ముందే గొంతుక్కూర్చున్నారు. అమ్మ పిలిచినా పలకలేదు.

పళ్ళెంలో ఒక బొట్టు వేసి వంచితే, ఈసారి జారలేదు. గిన్నెలో పోసి చల్లారనిచ్చి, సాయంత్రం బోర్లించారు. ఎర్రగా, గజగజ వణుకుతూ నిలబడింది జెల్లీ.

నాన్న ఒక చెంచా తిన్నాడు. రెండో చెంచా తిన్నాడు. మూడో చెంచా కూడా తిని, మూతి తుడుచుకుని, పెరట్లోకి చూస్తూ అడిగాడు.

"ఇంకా ఎన్ని కాయలున్నాయే ఆ చెట్టుకి?"

లెక్కపెట్టడానికి నూకాలు గబగబా చెట్టెక్కేసింది. అన్నానికి పిలిస్తే గానీ దిగలేదు.

గొడ్డలి మూలకి,
జెల్లీ సీసాకి,
కథేమో కంచికి,
నిద్ర నీ కంటికి!