ఇద్దరికీ నచ్చిన సలహా

ఎర్రగుట్ట వాలులో ముళ్ళకంప కట్టిన పెద్ద దొడ్డి ఒకటి ఉండేది. గడ్డీ లోపలే, నీటిగుంటా లోపలే, ఒక వారగా కాసిని తుమ్మచెట్లు. అందులో మేకలూ గొర్రెలూ కలిసి బతికేవి. మేకలకు ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉండేది. గొర్రెలకు ముందు నడిచేవాడి అభిప్రాయమే ఉండేది. అందువల్ల పెద్ద గొడవలేవీ లేకుండానే రోజులు గడిచిపోయేవి.

ఆ ఎండాకాలం దొడ్డిలోకి పారుడు రోగం వచ్చింది. ముందు ముక్కు కారుతుంది, తర్వాత నోట్లో పుళ్ళు లేస్తాయి, ఆ తర్వాత కడుపు జారిపోయి జీవం నిలబడలేదు. సంతలో కొత్తగా కొనుక్కొచ్చిన మేకపోతు మొదట పోయింది. దాన్ని బయటికి ఈడ్చుకుపోతున్న కాపరి మొహం చూశాక ఎవరికీ గడ్డి సహించలేదు. కాపరి తన కుక్క కరియన్నను పిలిచి, పట్నం వెళ్ళి పశువుల డాక్టర్ని వెంటబెట్టుకొస్తాననీ, అందాకా మంద నీ చేతుల్లో ఉందనీ చెప్పి, తడిక మూసి గుట్ట దిగిపోయాడు.

అతను కనుమరుగయ్యాడో లేదో దొడ్డిలో వాదన మొదలైంది.

గొర్రెల సంగతి మీకు తెలిసే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతుంటే అవి గుంపుగా చేరి, ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల దూర్చి నిలబడతాయి. ఎవరి నీడ వాళ్ళకు పనికిరాదు కాబట్టి పక్కవాళ్ళ నీడ వాడుకుంటాయి. చూడ్డానికి నవ్వొస్తుంది గాని, తాతల నాటి నుంచి వాటి ప్రాణం కాచింది ఆ పద్ధతే. ఇప్పుడు పుల్లక్క అనే ముసలి మేక ఆ పద్ధతి ఆపేయాలంది. ఊపిరి తగిలితే రోగం తగిలినట్టేనని, ఎవరికి వాళ్ళు ఎడంగా నిలబడాలని, దగ్గినవాళ్ళను కంచె మూలకు తోసేసి గుంట దగ్గరికి రానివ్వకూడదని ఆమె పట్టు. మెలికల కొమ్ముల పొట్టేలు ససేమిరా అన్నాడు. ఇదంతా ఎండదెబ్బేనట. రోగం కంటే ముందు ఈ భయమే మందను చంపుతుందట. తల దాచుకోవద్దంటే మెదడు ఉడికి చస్తాం గదా, దానికి పుల్లక్క ఏం సమాధానం చెబుతుందని అందరినీ అడుగుతూ తిరిగాడు.

నిజం చెప్పాలంటే ఇద్దరి మాటల్లోనూ కొంత పస ఉంది. ఎడంగా నిలబడ్డవాళ్ళలో రోగం నెమ్మదించింది, కానీ ఎండకు ఇద్దరు సొమ్మసిల్లారు. గుంపుగా నిలబడ్డవాళ్ళు చల్లగానే ఉన్నారు, కానీ దగ్గులు పెరిగాయి. కరియన్న మధ్యేమార్గంగా ఒక ఏర్పాటు చేశాడు. జబ్బువాళ్ళు చివరి తుమ్మచెట్టు నీడన ఉండి అందరి తర్వాత నీళ్ళు తాగాలి, మిగతావాళ్ళు ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటివాళ్ళతోనే తలలు దాచుకోవాలి. ఇది చాలదని పుల్లక్క, ఇది దౌర్జన్యమని పొట్టేలు ఆయన మీద విరుచుకుపడ్డారు. కుక్క గట్టిగా వాదించలేదు.

"రోగం సంగతి నాకు తెలియదమ్మా," అన్నాడు. "నక్క సంగతి తెలుసు. మధ్యాహ్నం మీరు తలలు దించుకుంటారు. అప్పుడు నేను తిరుగుతూ ఉండాలి. ఆ ఒక్కటీ జరగనివ్వండి, మిగతాది మీరు ఎలా చెప్పుకుంటే అలా."

ఈ గొడవంతటికీ మధ్యలో నలిగిపోయింది బొల్లి అనే గొర్రె. దాని పిల్ల గుజ్జుకు ఒళ్ళు కాలిపోతోంది, ముక్కు కారుతోంది, పాలు కుడవడం మానేశాడు. పుల్లక్క మనుషులు, అదే, మేకలు, దాన్ని పిల్లతో సహా కంచె మూలకు నెట్టేశారు. పొట్టేలు వచ్చి, అదేం రోగం కాదు, నడిమికి రా తల్లీ అన్నాడు. నడిమికి పోతే పదిమందికి అంటిస్తానేమోనని భయం, మూలన ఉంటే గుక్కెడు నీళ్ళు లేక పిల్ల పోతాడేమోనని భయం. ఎటూ కదలలేక ఆ తల్లి పిల్ల మూతి నాకుతూ అక్కడే నిలబడిపోయింది. కరియన్న రోజూ ఎవరూ లేనప్పుడు ఇద్దరినీ గుంట దాకా తీసుకెళ్ళి తీసుకొచ్చేవాడు.

ఆ మూలన కంప పలచబడి ఉందని నక్కకు ఎప్పట్నుంచో తెలుసు. ఒకరోజు తెల్లవారుతూనే అక్కడికి వచ్చి పుల్లక్కను పిలిచింది. నువ్వు చెప్పేదే శాస్త్రం, నీలాంటి పెద్దతలకాయ ఉండబట్టే మంద ఇంకా నిలబడిందని పొగిడింది. పుల్లక్క గడ్డం కాస్త పైకి లేచింది.

"ఒక్క సంగతే నాకు అర్థం కాదక్కా," అంది నక్క. "జబ్బువాళ్ళ దగ్గరికి పోయేదీ కుక్కే, ఆ మూతితోనే మీ దగ్గరికి వచ్చేదీ కుక్కే. అందరినీ ఎడంగా ఉంచి వాణ్ణి మాత్రం తిరగనిస్తే నీ కట్టడి ఏం లాభం?"

పుల్లక్క ఇంత చిన్న విషయం తనకెందుకు తట్టలేదా అని తిట్టుకుంటూ వెళ్ళింది.

పొద్దు వాలేసరికి అదే నక్క, అదే మూల. ఈసారి పొట్టేలు వచ్చాడు. నువ్వు మగాడివి కాబట్టి ఎదురు నిలిచావు, మిగతావాళ్ళకు ఆ ధైర్యమేదీ అని నక్క మొదలుపెట్టింది.

"మేక ఎంత అరిచినా అరుపే గదా బావా. మిమ్మల్ని విడదీసి నిలబెడుతున్న కోరలు ఎవరివి? కుక్క లేకపోతే ఎవరు ఎవరి నీడలో నిలబడాలో చెప్పేవాడెవడు?"

పొట్టేలు నేల కాలితో గీరాడు. బొల్లి అక్కడే ఉండి రెండు మాటలూ విన్నది. నక్క దాన్ని చూసింది కూడా. గొర్రె వింటే మాత్రం ఏం చేస్తుందిలే అనుకుంది.

మర్నాడు మంద కూడింది. అన్ని రోజులుగా ఒకరి మొహం ఒకరు చూసుకోని పుల్లక్కా పొట్టేలూ ఒకేసారి నోరు తెరిచి ఒకే మాట అన్నారు, కుక్క బయటికి పోవాలని. మంద ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, పెద్దవాళ్ళిద్దరూ కలిశారు, ఇక మంచిరోజులే అని ముసలీ ముతకా కళ్ళు తుడుచుకున్నారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఆ సంతోషమే.

బొల్లి ముందుకొచ్చింది. నిన్న నక్క పుల్లత్తతో ఒక రకంగా, పొట్టేలు మామతో ఇంకో రకంగా చెప్పిందని, రెండూ తన చెవులతో విన్నానని చెప్పింది. రోగపు పిల్లను నడిమికి తెచ్చేందుకు పొట్టేలు మనిషివై మాట్లాడుతున్నావని పుల్లక్క కసిరింది. మేకలు మూలన పెట్టి బెదిరిస్తే వాళ్ళ పాట పాడుతున్నావని పొట్టేలు ఈసడించాడు. అంతే, ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

కరియన్న తడిక తోసుకుని బయటికి నడిచి, వాగు అవతలి మిట్ట మీద కూర్చున్నాడు. అక్కడి నుంచి దొడ్డి కనపడుతుంది. బొల్లి ఒకసారి మందను చూసింది, ఒకసారి పిల్లను చూసింది. తడిక మూసేలోపు పిల్లను మూతితో నెట్టుకుంటూ తనూ బయటపడింది. పుట్టి బుద్ధెరిగాక మంద పోని దారిన అది నడవడం అదే మొదలు. వాగు చెలమలో గుజ్జు కొంచెం నీళ్ళు తాగాడు.

మధ్యాహ్నమైంది. పొట్టేలు వర్గం హాయిగా ఒకరి పొట్ట కింద ఒకరు తలలు పెట్టుకున్నారు, ఒక్క కన్నూ బయటికి చూడడం లేదు. పుల్లక్క వర్గం దూరదూరంగా, ఎవరు కేక వేసినా ఎవరూ అందుకోలేనంత ఎడంగా నిలబడ్డారు. పుల్లక్క కూనకు ఆటలంటే ప్రాణం. అయినా అమ్మ చెప్పిందని కదలకుండా ఒంటరిగా నిలబడింది. నక్క పలచటి కంప దాటి వచ్చి నేరుగా దాని దగ్గరికే పోయింది.

మిట్ట మీద కరియన్న చూశాడు. అరుస్తూ వాగు దాటి తడిక మీద పడ్డాడు. ఆ అరుపుకు తలలెత్తిన పొట్టేళ్ళకు కనిపించింది ఒక్కటే, వెలేసిన కుక్క తీర్మానం కాదని లోపలికి వస్తోందని. అన్నీ ఒక్కుమ్మడిగా కొమ్ములు వంచి తడికకు అడ్డం పడ్డాయి. దగ్గరికి రావద్దు, మూతి పెట్టొద్దు అని మేకలు వాటి వెనక నుంచి కేకలు పెట్టాయి. మందంతా కలిసికట్టుగా కుక్కను ఆపుతుంటే, వాళ్ళ వీపుల వెనక నుంచి నక్క కూనను నోట కరుచుకుని వెళ్ళిపోయింది.

పుల్లక్క ఏడుపు గుట్టంతా వినపడింది. ఏడుస్తూనే అంది, కుక్కను పిలుద్దామని. పొట్టేలుకూ లోపల అదే అనిపించింది. కానీ సాయంత్రం నక్క మళ్ళీ మూలకు వచ్చింది. ఇప్పుడు కుక్కను పిలిస్తే మేక గెలిచినట్టే బావా అని పొట్టేలుతో అంది. కుక్క వస్తే ఆ పొట్టేలు నీ కట్టడిని ఎగతాళి చేస్తాడక్కా, నీ కూన ఊరికే పోయినట్టవుతుంది అని పుల్లక్కతో అంది. నువ్వు పిలువు అని ఒకరు, నువ్వే ముందు పిలువు అని ఇంకొకరు. అలా అనుకుంటూనే మరో మధ్యాహ్నం వచ్చింది, ఆ తర్వాత ఇంకోటి. గుంపులోంచి ఒకటి, ఎడంలోంచి ఒకటి, నక్క ఎవరికీ అన్యాయం చేయలేదు. నక్క దూరే సందులో పట్టని కరియన్న కంప అవతల నుంచి అరుస్తూనే ఉన్నాడు. ఆ అరుపులకు నిద్ర పట్టడం లేదని మంద విసుక్కుంది.

చివరికి కాపరి డాక్టర్ని తీసుకుని గుట్ట ఎక్కాడు. ముందు మిట్ట దగ్గర ఆగి గుజ్జును ఒళ్ళో వేసుకుని చూశాడు. జ్వరం దిగింది, పిల్లవాడు తల్లి పొదుగు వెతుక్కుంటున్నాడు. తర్వాత దొడ్డిలోకి వెళ్ళి ఒక్కొక్కరికీ సూది వేయించాడు. పుల్లక్కా పొట్టేలూ అప్పటికీ తప్పు నీదంటే నీదని అనుకుంటూనే సూది వేయించుకున్నారు. మందలో అందరికీ సరిపడా మందు తెచ్చాడు కాపరి. అందరికీ వేశాక చాలా మిగిలిపోయింది. ఆ మిగిలింది చేత్తో పట్టుకుని అతను దొడ్డి మధ్యలో మందను మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

కొట్టుకుంటున్న ఇద్దరికీ ఒకేసారి నచ్చిన సలహా దొరికితే, అది ఎవరి కడుపు నింపుతుందో ముందు చూసుకోవాలి.