గడప మీది గొంగడి

తుమ్మెడగూడెం గొంగడి మందిరం కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. బస్సు దిగినవారు గుట్ట మెట్లు ఎక్కేలోపు చెప్పి ముగించవచ్చు. అయితే బస్సు గుట్ట దాకా రాదు. రోడ్డు సర్పంచి బావమరిది పొలం మీదుగా పోవలసి ఉంది. ఆయన స్థలం ఇస్తానన్నాడు. పద్నాలుగేళ్లుగా ఆ మాట మీదనే నిలబడి ఉన్నాడు. కనుక యాత్రికులు వాగు దగ్గర దిగి రెండు కిలోమీటర్లు నడవాలి. దారిలో రాజమ్మ కొట్టు ఉంది, టీ దొరుకుతుంది. అది టీయేనని రాజమ్మ చెబుతుంది. మెట్లు అరవై నాలుగు. మొదటి మెట్టు వేసింది తమ తాతేనని ఊళ్లో నాలుగు కుటుంబాలవారు అంటారు. నలుగురు తాతలు కలిసి ఒక్క మెట్టు వేశారని ఒప్పుకుంటే ఎవరితోనూ తగాదా ఉండదు.

మందిరం చిన్నది. రాతి గోడలు, పెంకుల కప్పు. ముప్పై మంది పడతారు. ముప్పై ఒకటో మనిషి మోకాళ్లు ముడుచుకోవాలి. మిగతా క్రైస్తవ మందిరాల్లో రొట్టె, ద్రాక్షారసం పెట్టే ప్రభువు బల్ల మీద తెల్లటి గుడ్డ పరుస్తారు. ఇక్కడ నల్లటి గొంగడి ఉంటుంది. కొత్తగా వచ్చినవారు అది ఎవరో మరిచిపోయి వెళ్లారనుకుని తీసుకుపోయి సంఘం కార్యదర్శి ప్రకాశంగారికి అప్పగిస్తారు. ఆయన ప్రతిసారీ కొత్తగా నొచ్చుకుంటారు. ఆ గొంగడి అక్కడికి ఎలా వచ్చిందో చెప్పడానికే ఈ పుస్తకం వేయించారు.

పూర్వం ఇక్కడ సంఘానికి ప్రార్థన, బోధ చేసే జీవరత్నం అనే ఉపదేశి ఉండేవాడు. పట్నంలోని సంఘం పెద్దలు పంపగా భార్య సులోచనతో కలిసి వచ్చాడు. వయసు ముప్పై ఒకటి. మంచి గొంతు. అతడు ప్రార్థన చేస్తుంటే గుట్ట కింద పోయే కురుమలు కూడా గొర్రెలను ఆపి వినేవారు. వచ్చిన నాలుగో ఏట, కార్తిక మాసంలో, అతడికి కూతురు పుట్టింది. పదకొండో రోజున చలిజ్వరంతో పోయింది. అదే నెలలో సంఘంలో మరి ఐదుగురు పోయారు. ఆ ఏటి చలి అటువంటిది. పొద్దున్నే గడ్డి మీద తెల్లగా పేరుకున్నదాన్ని పిల్లలు ఉప్పనుకుని నాకి చూశారు.

బిడ్డను పూడ్చి వచ్చిన మరునాటి నుంచి జీవరత్నానికి ప్రార్థన రాలేదు. సంఘం ముందు నిలబడేవాడు, కళ్లు మూసుకునేవాడు, నోరు తెరిచేవాడు. మాట వచ్చేది కాదు. కీర్తన ఎత్తుకోమని సులోచనకు సైగ చేసేవాడు. సంఘంవారు బాధపడ్డారు. ఆరాధన తొందరగా ముగుస్తున్నదని లోలోపల సంతోషించినవారు కూడా ఉన్నారు. వారి మనవలు ఇప్పటికీ ఊళ్లోనే ఉన్నారు కనుక పేర్లు అనవసరం.

జీవరత్నం పట్నానికి ఒక ఉత్తరం రాసి పెట్టుకున్నాడు. క్రిస్మస్ దాకా నెట్టుకొస్తాననీ, ఆ తర్వాత ఈ పని తనవల్ల కాదనీ అందులో ఉంది. దాన్ని పంపకుండా దిండు కింద దాచి, ప్రతి ఉదయం దేవుణ్ణి ఒకటే అడిగేవాడు. ఒక్క మాట కావాలి. వింటున్నాడో లేదో తెలిస్తే చాలు.

క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు తెల్లవారుజామున అతడికి కల వచ్చింది. మందిరం మెట్టు మీద ఎవరో అటు తిరిగి కూర్చున్నారు. తల తడిసి ఉంది. ఆ మనిషి వెనక్కి తిరగకుండానే, “చలేస్తున్నది. కప్పు” అన్నాడు.

జీవరత్నం లేచి కూర్చుని నలభై రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. ప్రభువు మాట్లాడాడు. ఏం కావాలో కూడా చెప్పాడు. ప్రభువు బల్ల మీది గుడ్డ చిరిగిపోయి చాలా రోజులైంది; దాని గురించే అయి ఉండాలని అతడికి తోచింది. తెల్లవారగానే కురుమ వాడకు వెళ్లాడు.

అక్కడ కనకవ్వ ఉండేది. కురుమలలో ఆడవారు ఉన్ని వడకడం, మగవారు మగ్గం మీద కూర్చోవడం ఆచారం. కనకవ్వ ఇంట్లో రెండూ ఆమెవే. ఆమె భర్త మల్లయ్యకు మనుషులతో కంటే గొర్రెలతోనే పొత్తు ఎక్కువ. ఏడాదిలో పది నెలలు, మందిరం కన్నా ఎత్తున, గుట్ట మీది దొడ్డిలో ఉండేవాడు. కనకవ్వ నోరు ఎరిగినవారు ఆయనను తప్పు పట్టలేదు. జీవరత్నం వెళ్లేసరికి ఆమె కొత్త గొంగడికి చింతగింజల గంజి పట్టిస్తున్నది.

“ఏం పంతులూ, పొద్దుగాలనే వచ్చినవు. మా వాడల ఎవలన్న సచ్చిండ్రా?”

అతడు కల చెప్పాడు.

“నీ దేవునికి చలి పెడుతున్నదా?” అంది కనకవ్వ. “మా బీరప్పకు పెట్టదు. ఆయన గొర్ల నడుమనే పంటడు. నీ దేవునికి గొర్లు లేవా?”

“ఉన్నాయమ్మా. పద్నాలుగు మిగిలాయి,” అన్నాడు జీవరత్నం. ఆ మాట అతడు సంఘం గురించి అన్నాడు.

కనకవ్వ గంజి చేయి తుడుచుకుంది. ఆ గొంగడి మల్లయ్యది. పాతది చిరిగి పోగులైంది. ఆయన దగ్గుతో గుట్ట మీద ఉన్నాడు, రెండు రోజుల్లో కొత్తది పంపుతానని ఆయనకు చెప్పి ఉంది. అయినా ఉపదేశి ముఖం చూసింది. “నెల సంది ఆ మొకం మీద నెత్తురు సుక్క లేకుండె. గొంగడి అడిగేటప్పుడు సూస్తే ఉన్నది. ఎట్ల కాదంట?” అని ఆ తర్వాత చెప్పుకుంది. మల్లయ్యకు వారం రోజుల్లో ఇంకొకటి నేయవచ్చునని అనుకుంది. గొంగడి ఇచ్చేసింది.

ఇక్కడ మందిరం నియమం ఒకటి చెప్పాలి. చలికాలంలో తెల్లవారుజామున ప్రార్థన జరిగేది. బయట ఊరివారు నెగడు వేసుకునేవారు. ప్రార్థన సాగుతుండగా పురుషులు ఒక్కొక్కరే చుట్ట ముట్టించుకోవడానికి నెగడు దగ్గరకు వెళ్లి, పరలోకరాజ్యం వచ్చినా తిరిగి వచ్చేవారు కాదు. అందువల్ల జీవరత్నం తలుపుకు లోపలి గడియ పెట్టించాడు. ప్రార్థన ముగిసేదాకా ఎవరూ లేవకూడదు, గడియ తీయకూడదు. మంచి నియమమని ఆడవారందరూ అన్నారు.

క్రిస్మస్‌కు ముందు రోజు తెల్లవారుజామున సన్నగా తుంపర పడింది. ఎవరూ నెగడు వేయలేదు. జీవరత్నం కొత్త గొంగడిని బల్ల మీద పరిచాడు, గడియ వేశాడు, నిలబడి కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన వచ్చింది. ముందు ఒక మాట, దాని వెనుక ఒక మాట, ఆపైన వాగు పొంగినట్టు వచ్చింది. సులోచన ఏడ్చింది. సంఘమంతా ఏడ్చింది.

కొంతసేపటికి తలుపు మీద చప్పుడైంది. జీవరత్నం విన్నాడు. ఆపితే మళ్లీ రాదేమోనని అతడికి భయం వేసింది. ఆపలేదు. రెండోసారి చప్పుడైంది, వెంట దగ్గు వినిపించింది. అతడు గొంతు పెంచాడు. మూడోసారి చప్పుడు బలంగా లేదు. ఆ ప్రార్థన గంటన్నర సాగింది. అంత మంచి ప్రార్థన తుమ్మెడగూడెంలో అంతకుముందు ఎవరూ వినలేదు.

ఆ చప్పుడు ఎవరెవరు విన్నారని ఆ తర్వాత ఊళ్లో విచారిస్తే, లోపలున్న పద్నాలుగు మందిలో పదకొండు మంది విన్నట్టు తేలింది. గొర్రె వీపు రుద్దుకుంటున్నదని అనుకున్నామన్నారు. మిగిలిన ముగ్గురికి చెవుడని ఊరు మర్యాదగా ఒప్పుకుంది.

గడియ తీసేసరికి మల్లయ్య మెట్టు మీద అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. తల తడిసి ఉంది. ప్రాణం లేదు. గుట్ట మీద తుంపరకు నెగడు ఆరిపోతే, దీపం కనిపించే చోటికి దిగి వచ్చాడు. ఆయన పాత గొంగడి దొడ్డిలో దొరికింది. అంతకుముందు రోజు ఈనిన రెండు పిల్లల మీద కప్పి ఉంది. పిల్లలు బతికే ఉన్నాయి.

కనకవ్వకు కబురు పోయింది. ఆమె వచ్చింది. లోపలికి వెళ్లి బల్ల మీది గొంగడి తీసుకువచ్చి భర్తకు కప్పింది. అప్పుడు జీవరత్నాన్ని చూసి అడిగింది.

“ఇన్నవా?”

“విన్నాను.”

“ఎన్నిసార్లు?”

“మూడుసార్లు, అమ్మా.”

కనకవ్వ మెట్టు మీద మల్లయ్య పక్కన కూర్చుంది. “కలల వచ్చినాయన మొకం సూసినవా?” అంది.

“చూడలేదు. అటు తిరిగి ఉన్నాడు.”

ఆమె మల్లయ్య తడి తలను కొంగుతో తుడిచింది.

మల్లయ్యను ఆ గొంగడిలోనే పూడ్చారు. మధ్యాహ్నానికి కురుమ పెద్దలు కర్రలు పట్టుకుని వచ్చారు. ఉపదేశిని ఊరు దాటించాలని వారి తీర్మానం. సంఘంవారు అతడి పక్షాన నిలబడవలసి ఉండింది. వారికి ఆ పూట ఇళ్లలో చాలా పనులు ఉన్నాయి. అడ్డం వచ్చింది కనకవ్వ ఒక్కతే.

“పొమ్మంటే పోతడు. సంబురంగ పోతడు. ఉత్తరం గూడ రాసుకున్నడట,” అంది. ఉత్తరం సంగతి ఆమెకు ఎలా తెలిసిందని అడగడం ఈ ఊరి సంగతి తెలియనివారి పని. “నలభై గొర్లు ఎవలు కాస్తరు? మీరు కాస్తరా? నాకు కొడుకులు లేరు. సలి పోయేదాక ఈయననే కాయమనుండ్రి.”

పెద్దలు కర్రలు దించారు. శిక్ష వారికి సబబుగానే తోచింది.

జీవరత్నం మల్లయ్య పాత గొంగడి కప్పుకుని గుట్ట ఎక్కాడు. గొర్రెలు అతడి మాట వినలేదు. మొదటి వారంలో రెండు తప్పిపోయాయి. కాళ్లు పగిలాయి, దగ్గు పట్టుకుంది. నోట్లో ప్రార్థన మళ్లీ ఎండిపోయింది. ఈసారి రమ్మని కూడా అతడు అడగలేదు. రోజూ పొద్దు పొడిచాక కనకవ్వ జొన్నపిండి కాచిన గటక తెచ్చేది. అతడు తాగేదాకా ఎదురుగా కూర్చునేది.

ఒకరోజు, “మీ దేవుని సంగతి చెప్పు,” అంది.

“నాకు తెలియదమ్మా.”

“తెలిసినకాడికి చెప్పు. ఊకె కూసుంటే నాకు తోస్తలేదు.”

ప్రభువు పశువుల పాకలో పుట్టిన సంగతి అతడు చెప్పాడు.

“గీ సలికాలంలనా? బాలింతకు నిప్పులు పెట్టిండ్రా?”

“ఆ సంగతి రాసి లేదు.”

“పిల్లగాని మీద ఏం కప్పిండ్రు?”

“గుడ్డలతో చుట్టారు. గొర్రెల కాపరులు వచ్చి చూశారు.”

“అయితే గొంగడి తెచ్చే ఉంటరు. రాసినాయన ఎచ్చటి ఇంట్ల కూసోని రాసిండు,” అంది కనకవ్వ. ముంతలో ఇంకొంచెం గటక పోసి, “నీ బిడ్డ పేరేంది?” అని అడిగింది.

ఆ పేరు అంతవరకు ఎవరూ అడగలేదు. ఓదార్చడానికి వచ్చినవారందరూ దేవుని చిత్తమని చెప్పి వెళ్లారు.

“ఎస్తేరు.”

“దేంట్ల సుట్టి పెట్టినవు?”

“నా పంచెలో,” అన్నాడు జీవరత్నం. అతడి చేతిలో గటక ముంత ఒరిగిపోయింది. కనకవ్వ దాన్ని తీసి పక్కన పెట్టింది. అతడు ఏడవడం ముగిసేదాకా గొర్రెలను తానే మళ్లించింది.

మాఘమాసం వచ్చింది, ఎండ వేడెక్కింది. పట్నం నుంచి పరంజ్యోతి అయ్యగారు విచారణకు వచ్చారు. ఆయన ముందుకు మొదట వచ్చినది కనకవ్వ. బాప్తిస్మం ఇవ్వమని అడిగింది. ఎందుకు కోరుతున్నావమ్మా అని ఆయన అడిగారు.

“సలి పెట్టని దేవుళ్లు మస్తుమంది ఉన్నరయ్యా. సలి పెడుతుందని గొంగడి అడిగినాయన ఈయనొక్కడే. అసోంటి దేవుడైతే నాకు ఎరుకైనోడే. అడిగిననాడు ఇయ్యలేకపోతిమి. ఇప్పటిసంది ఇస్త.”

అయ్యగారు ఆ జవాబును తమ నివేదికలో రాసుకోలేదు.

ఆమె మళ్లీ నేసి ఇచ్చిన గొంగడి అప్పటి నుంచి బల్ల మీద ఉంటుంది. డిసెంబరు మొదటి దినం నుంచి జనవరి ఆఖరు దాకా మాత్రం ప్రార్థనకు ముందు దాన్ని తీసి గడప మీద పెడతారు. తలుపు గడియ పీకేశారు. ఎంత చలిగాలి వీచినా తలుపు తెరిచే ఉంటుంది. ప్రార్థనను నడుమ మూడుసార్లు ఆపి ఒకరు బయటకు వెళ్లి మందిరం చుట్టూ చూసి వస్తారు. ఈ పనికి పురుషులు పోటీ పడతారు. చుట్ట వాసనతో తిరిగి వస్తారు. దుఃఖంలో ఉన్నవారు, ప్రార్థన రానివారు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ గొంగడి కప్పుకుని గడప మీద కూర్చుంటారు. వారిని లోపలికి రమ్మనరు, బోధ చేయరు. వేడి గటక ఇస్తారు. అలా కూర్చుంటే ఏమవుతుందని అడిగితే, చలి తగ్గుతుందని ఊరివారు చెబుతారు. అంతకు మించినది జరిగిందని చెప్పినవారూ ఉన్నారు. మరుసటి చలికాలానికి వారు మరొకరిని వెంటబెట్టుకుని వచ్చారు. ఒక్కో ఏడు గొంగడి పోతుంది. పట్టుకుపోయినవారికి చలి వేసి ఉంటుందని, ఇంకొకటి నేయిస్తారు.

జీవరత్నం పట్నం వెళ్లిపోతాడని కొందరు అనుకున్నారు, పూర్వపు గొంతుతో మళ్లీ ప్రార్థన చేస్తాడని కొందరు అనుకున్నారు. ఆ రెండూ జరగలేదు. అతడు ఉత్తరం పంపించి, చనిపోయేదాకా గుట్ట మీద గొర్రెలు కాశాడు. రోజూ ప్రార్థన చేసేవాడని సులోచన చెప్పింది. మరెవరూ వినలేదు. అతడి పనికి పట్నం నుంచి వచ్చిన ఇద్దరు చలికి ఆగలేక వెళ్లిపోయారు. మూడో ఉపదేశి కనకవ్వ. సులోచన దగ్గర అక్షరాలు నేర్చుకుని పందొమ్మిదేళ్లు ఆ పని చేసింది. ఆమె ప్రార్థనలు చాలా చిన్నవి.