అసిరమ్మ తలుచుకుంది

అనగనగా, ఊరికి కరెంటు రాకముందు, రోడ్డుకి తారు రాకముందు, మీ తాత మూతికి మీసం రాకముందు, నీలవలసలో ఒక మగపిల్లల హైస్కూలుండేది. అంత గొప్ప హైస్కూలు ఈ భూమ్మీదే ఇంకోటి లేదు. సరే, భూమ్మీద అంటే మరీ ఎక్కువైంది. ఆ తాలూకాలో లేదు. తాలూకాలో ఉన్నవి రెండు, అందులో ఇది రెండోది. మొదటిదానికి నాలుగు వైపులా గోడలుండేవి.

నీలవలస బడికి మూడు గోడలు, మూడు బెంచీలు, మూడు కుండలు. గోడల కథ వద్దు, బెంచీల కథ వద్దు. కుండల కథ వినండి.

వరండా చివర మూడు దిమ్మల మీద మూడు కుండలు కూర్చునేవి. మూడూ ఒకే కుమ్మరి ఆవంలో కాలినవి. ఒకే పొట్ట, ఒకే మూతి, కవలపిల్లల్లా ఉండేవి. అందుకని గుర్తు కోసం సున్నంతో బొట్లు పెట్టారు. ఒక బొట్టు కుండ పెద్దవీధి కుర్రాళ్ళది. రెండు బొట్ల కుండ రైతువీధి కుర్రాళ్ళది. మూడు బొట్ల కుండ ఊరవతల వాడ నుంచి వచ్చే కుర్రాళ్ళది. ఒకరి కుండ ఒకరు ముట్టకూడదు. ఎందుకు ముట్టకూడదో అడక్కూడదు. అడిగితే వీపు మోగేది.

ఆ కుండలు నింపేది అసిరమ్మ. కుమ్మరివీధి మనిషి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. బక్కపలచటి ఒళ్ళు, నోట్లో ఎప్పుడూ అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేవాళ్ళు ఎక్కువ మాట్లాడరు, మాట్లాడితే నాలుక కాలుతుంది. కాబట్టి అసిరమ్మ నీళ్ళు తోడేది, పోసేది, ఊరుకునేది.

ఒకే బావి. ఒకే చేద. ఒకే అసిరమ్మ. చేదలో ఉన్నంతసేపూ నీళ్ళు నీళ్ళే. కుండలోకి దిగగానే వాటికి ఒక వీధి వచ్చేసేది.

ఎవడైనా ఆటలోంచి పరిగెత్తుకొచ్చి గటగటా తాగితే మాత్రం ఆవిడ చుట్ట తీసేది. "మెల్లిగా బాబూ, పొలమారుద్ది" అనేది. వాడికి పొలమారేది. నెత్తిన తట్టి, "మీయమ్మ తలుసుకుంతంది" అనేది. చద్దిమూట పట్టుకుని కోసుల దూరం నడిచొచ్చే కుర్రాళ్ళకి ఆ మాట వింటే కడుపు నిండేది. కొందరు కావాలని గటగటా తాగేవారు కూడాను. తల్లి లేని కుర్రాడైతే మాట మార్చేది. "నానే తలుసుకున్నాన్లే, తాగు" అనేది.

పెద్దవీధి వాళ్ళ నెత్తి చేత్తో తట్టేది. రైతువీధి వాళ్ళ నెత్తీ చేత్తోనే తట్టేది. వాడ కుర్రాళ్ళ నెత్తి, చూసేవాళ్ళు లేకపోతే చేత్తో తట్టేది, ఉంటే గాల్లో తట్టేది. అదీ అప్పటి లోకం.

ఇక ఆ బడికి పెద్దపంతులు దక్షిణామూర్తి గారు. చాలా మంచివారు. ఎంత మంచివారంటే, ఎవరేమన్నా అవునండీ అనేవారు. అప్పుడే ఇంకొకరొచ్చి అలా కాదంటే, దానికీ అవునండీ అనేవారు. సత్యం గురించి పాఠం చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. సమానత్వం గురించి చెబుతూ బల్ల గుద్దేవారు. వరండా చివరికొచ్చేసరికి ఆయనకి ఆకాశంలో ఏదో పిట్ట కనిపించేది, దాన్నే చూస్తూ దాటిపోయేవారు.

అలా ఉండగా ఒక ఏడాది బడికి ఇన్స్పెక్టరుగారు వస్తున్నారని కబురొచ్చింది. ఆయన చూసి సరేనంటే హైస్కూలు హైస్కూలుగా ఉంటుంది. పిల్లలు చాలరనో, క్రమం లేదనో రాశారంటే పై తరగతులు ఎత్తేస్తారు. ఎత్తేస్తే నీలవలస కుర్రాళ్ళు రోజూ ఏరు దాటి పోయి చదవలేరు. పుస్తకం మూసి గొడ్ల వెనకాల పోవాల్సిందే. పెద్దపంతులు గారికి నిద్ర కరువైంది.

దానికి తోడు బడి కమిటీ పెద్ద జగన్నాథం గారు కబురంపారు. పెద్దవీధిలో ఆయన మాటే మాట. బడికి ఏం చేసినా పంతులుగారి ఇష్టమేనట, ఆయన అడ్డురారట. కుండల దగ్గర తేడా వస్తే మాత్రం పెద్దవీధి పిల్లవాడొక్కడూ గడప తొక్కడట. పెద్దవీధి పిల్లలు లేకపోతే బడిలో సగం బెంచీలు ఖాళీ. అంటే ఒకటిన్నర బెంచీ. ఇన్స్పెక్టరుగారికి అది చాలు. పంతులుగారు అవునండీ అన్నారు.

మూడు గోడలకీ వెల్ల వేయించమన్నారు. సున్నాలవాళ్ళు వచ్చారు. కుండలు దించి పక్కన పెట్టారు. గోడకి కొట్టారు, కుంచె విదిలించారు. మళ్ళీ కొట్టారు, మళ్ళీ విదిలించారు. సాయంత్రం అసిరమ్మ వచ్చి చూసేసరికి మూడు కుండలకీ అమ్మవారు పోసినట్టుంది. ఒంటినిండా బొట్లే. ఎక్కణ్ణుంచి తీసి ఎక్కడ పెట్టారో సున్నాలవాళ్ళకే గుర్తులేదు.

అసిరమ్మ చుట్ట ఆర్పి పెద్దపంతులు గారి గదికెళ్ళింది.

"బాబూ, కుండలు కలిసిపోనాయి."

"కలిసిపోవడమేమిటి?"

"ఏది ఎవులిదో తెల్దు."

"రోజూ నింపేదానివి, నీకే తెలీదా?"

"నాను నీల్లు సూసి పోత్తాను బాబూ. బొట్లు సూసి పొయ్యను."

పంతులుగారి తలపాగా కింద చెమట పట్టింది. కొత్త కుండలు కొందామా అంటే, ఎందుకు కొన్నారని అడుగుతారు. పగలగొట్టేద్దామా అంటే, ఎవరు పగలగొట్టారని అడుగుతారు. నిజం చెబుదామా అంటే, అది అసలు ఆలోచనలోకే రాలేదు. కుండలు కడిగించారు. చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకున్నారు. వేలు సున్నంలో ముంచి, కళ్ళు మూసుకుని, ఇష్టదైవాన్ని తలుచుకుని బొట్లు పెట్టేశారు. బొట్లు మాత్రం గుండ్రంగా, అందంగా వచ్చాయి.

"ఎవరికీ చెప్పకు అసిరమ్మా."

"నాను సెప్పను బాబూ. కుండలు అసలే సెప్పవు."

మర్నాడు పంతులుగారు కిటికీలోంచి ఒక బొట్టు కుర్రాళ్ళని గమనించారు. తాగారు, మూతి తుడుచుకున్నారు, చెడుగుడుకి పోయారు. ఆ మర్నాడు రెండు బొట్ల వాళ్ళని గమనించారు. తాగారు, తుడుచుకున్నారు, పోయారు. మూడోనాడు మూడు బొట్ల వాళ్ళనీ గమనించారు. అంతే. ఎవరికీ కొమ్ములు రాలేదు, ఎవరి పాండిత్యమూ పెరగలేదు. ఒకడికి కడుపునొప్పి వచ్చింది గానీ అది దొంగ జామకాయల పుణ్యం.

ఇన్స్పెక్టరుగారి రాక ఒక వారం వాయిదా పడింది, ఇంకో వారం పడింది, చివరికి నిజంగానే వచ్చేశారు. మామిడాకులు కట్టారు. ముందు వరసలో జగన్నాథం గారూ, కమిటీ పెద్దలూ కూర్చున్నారు. వెనక కుర్రాళ్ళు వీధులవారీగా నిలబడ్డారు. పొద్దుటి నుంచీ పరిగెత్తి పరిగెత్తి పంతులుగారి గొంతు ఎండిపోయింది. అయినా స్వాగతపత్రం విప్పి మొదలెట్టారు. "ఈ మహత్తర విద్యాలయము" అన్నారు. "విద్యార్థులయందు ఏ భేదమును పాటింపక" అన్నారు. అక్కడ పొలమారింది.

మామూలుగా కాదు. ముఖం ఎర్రబడింది, కళ్ళు తేలేశాయి, తలపాగా జారి ఇన్స్పెక్టరుగారి ఒళ్ళో పడింది. ముగ్గురు కుర్రాళ్ళు వరండాకి పరిగెత్తారు. ఎవడికి ఏ కుండ అందితే అందులో చెంబు ముంచుకొచ్చారు. ముగ్గురూ ఒక్కసారే ఆయన ముక్కు కింద పెట్టారు. ఆ ముగ్గురిలో జగన్నాథం గారి కొడుకు కూర్మనాథం ఒకడు.

పంతులుగారు మూడు చెంబుల్నీ చూశారు. ఏది అందుకుంటే ఏమవుతుందో అని ముందు వరసని చూశారు. ఊపిరాడటం లేదు, చెయ్యీ ఆడటం లేదు.

అప్పుడొచ్చింది అసిరమ్మ. మూడు చెంబులూ లాక్కుని తన బిందెలో వంచేసింది. ఒక చేత్తో బిందె ఎత్తి ఆయన నోటికి పెట్టింది. రెండో చేత్తో పెద్దపంతులు గారి బోడినెత్తిన, ఊరంతా చూస్తుండగా, టపటపా తట్టింది.

"తాగండి బాబూ. ఎవులో తలుసుకుంతన్నారు."

ఆయన తాగారు. కోటు తడిసేదాకా తాగారు.

జగన్నాథం గారు నెమ్మదిగా లేచారు. "పంతులుగారూ, మీరు తాగింది ఏ కుండ నీళ్ళు?"

ఈ ముసల్ది తెలివితక్కువగా కలిపేసిందండీ అంటే చాలు, పంతులుగారు గట్టెక్కుతారు, బడి గట్టెక్కుతుంది, అసిరమ్మ బిందె పట్టుకుని ఇంటికి పోతుంది. పంతులుగారు నోరు తెరిచారు, మూశారు. మళ్ళీ తెరిచారు, మూశారు. అసిరమ్మ ఆయన్ని చూడటం లేదు, ఇన్స్పెక్టరుగారి ఒళ్ళోంచి తీసిన తలపాగా దులుపుతోంది. మూడోసారి తెరిచారు.

"మూడు కుండలవీ తాగానండి. అవి వెల్ల వేసిననాడే కలిసిపోయాయి. అసిరమ్మ ఆరోజే వచ్చి చెప్పింది. బొట్లు నేనే పెట్టాను, నాకు తోచినట్టు."

జీవితంలో మొదటిసారి ఆయన మాటలో అవునండీ లేదు.

జగన్నాథం గారి మీసం వణికింది. తమ వీధి పిల్లలందరినీ వరసలోంచి బయటికి రమ్మన్నారు. ముందుగా కొడుకు చెయ్యి పట్టుకున్నారు. పట్టుకున్నాక ఏదో అనుమానం వచ్చింది.

"నువ్వు ఏ కుండలో ముంచావురా?"

"మూడు బొట్లదాన్లో నాన్నా."

"అదెందుకు ముట్టావు?"

"రోజూ తాగేది అదే కదా. మూలన నీడలో ఉంటుంది, నీళ్ళు చల్లగా ఉంటాయి."

"రోజూ అంటే? వెల్ల వేసినప్పట్నుంచా?"

కూర్మనాథం అమాయకంగా చెప్పాడు. "ఆరో తరగతి నుంచి."

వెనక నుంచి ఇంకొకడు రెండు బొట్లదాంట్లో చెంబు పెద్దదని సాక్ష్యం చెప్పాడు. వాడ కుర్రాడొకడు ఒక బొట్టు కుండకి మూత సరిగా ఉండదని, అందులో అప్పుడప్పుడూ చీమలొస్తాయని, చాలా అనుభవం ఉన్నవాడిలా చెప్పాడు. ఇన్స్పెక్టరుగారు జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకుని దగ్గారు. అది దగ్గు కాదని అందరికీ తెలిసింది.

జగన్నాథం గారు నిలబడే ఆలోచించారు. పిల్లల్ని తీసుకుపోతే ఎందుకు తీసుకొచ్చారని వీధి అడుగుతుంది. వీధికి చెబితే కూర్మనాథం సంగతి తెలుస్తుంది. వీధి సంగతి సరే, వాడి అమ్మకి ఎవరు చెబుతారు? పెద్దమనిషికి కోపం పెద్దదే గానీ పరువు ఇంకా పెద్దది. ఆయన కండువా సర్దుకుని కూర్చున్నారు. ఇన్స్పెక్టరుగారి వైపు తిరిగి, తమ బడిలో ఇలాంటి భేదాలు మొదట్నుంచీ లేవని, అసలు మూడు కుండలు దండగని తాను ఎప్పణ్ణుంచో అంటున్నానని, అందరికీ కలిపి ఒక పెద్ద నీళ్ళ గోళెం తానే కొనిస్తానని చెప్పారు.

కుండలు అలా పోయాయి. ఉపన్యాసానికి పోలేదు, బల్ల గుద్దితే పోలేదు, ఒక పెద్దమనిషి సిగ్గుపడితే పోయాయి. హైస్కూలు హైస్కూలుగా ఉండిపోయింది. గోళెం వచ్చింది. దానిమీద జగన్నాథం గారి పేరు జానెడు అక్షరాలతో చెక్కించారు. ఆ పేరుతో దాన్ని ఎవరూ పిలవలేదు. అసిరమ్మ గోళెం అనే అన్నారు.

ఆ తర్వాత అసిరమ్మ ఎవరి నెత్తినీ గాల్లో తట్టలేదు.

ఏళ్ళు గడిచాయి. ఒక వేసవిలో అసిరమ్మ పోయింది. కొడుకుల్లేని మనిషి కదా, ఎవరు మోస్తారని కుమ్మరివీధి వాళ్ళు అనుకున్నారు. మూడు వీధుల కుర్రాళ్ళూ వచ్చి భుజాల కోసం కొట్టుకున్నారు. ఊరి చివరికి చేరేలోపు అందరికీ వంతు రాలేదని కొందరికి ఇప్పటికీ కోపం.

ఇప్పుడా బళ్ళో కుళాయిలున్నాయి, ఫిల్టరుంది, కుర్రాళ్ళ సంచుల్లో ప్లాస్టిక్ సీసాలున్నాయి. కానీ ఈ రోజుకీ నీలవలస బళ్ళో ఎవడికైనా పొలమారితే, ఎవరో తలుచుకున్నారు అనరు. "అసిరమ్మ తలుచుకుంది" అంటారు. అని, పక్కనున్నవాడు తన సీసా మూత తీసి ఇవ్వాలి. నెత్తిన మూడుసార్లు తట్టాలి. ఆ పక్కనున్నవాడు ఎవడు, ఏ వీధి, నిన్న వాడితో దెబ్బలాట అయిందా, ఇవేవీ లెక్కలోకి రావు. పరీక్షహాల్లో అయినా సరే. కొత్తగా వచ్చిన మాస్టారు ఇదేదో కాపీ అనుకుని పట్టుకోబోతే, పాత మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపుతారు.

ఇంకొక్క సంగతి మిగిలింది. అసిరమ్మ పెద్దకర్మ నాడు బళ్ళో అందరూ చేరారు. దక్షిణామూర్తి గారు అప్పటికి ముసలివారై, చేతికర్రతో వచ్చారు. లేచినవాడల్లా ఆయన్నే పొగిడాడు. మూడు కుండల నీళ్ళూ తాగిన ధీరుడన్నాడొకడు. అసిరమ్మని కాపాడిన దేవుడన్నాడొకడు. ఆ నీళ్ళు తాగిన మొదటి పెద్దమనిషి అన్నాడు ఇంకొకడు. ఆ మాట దగ్గర ఆయన కర్ర నేలకి కొట్టి లేచారు.

"మొదటివాణ్ణి కాదు, చివరివాణ్ణి. కుండలు కలిసిపోయాక మీరందరూ ఆ నీళ్ళే తాగారు. నేను తాగలేదు. ఇంటి నుంచి మరచెంబుతో నీళ్ళు తెచ్చుకుని, నా గదిలో గ్లోబు వెనక దాచుకుని తాగేవాణ్ణి. ఇన్స్పెక్టరుగారిని ఆ గదిలోనే కూర్చోబెట్టాం కనక ఆ ఒక్కరోజూ తెచ్చుకోలేదు. అందుకే గొంతెండింది."

కుర్రాళ్ళు నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగారు.

"ఎవరికీ తెలీదనుకున్నాను. సాయంత్రం ఇంటికి పోయేముందు గ్లోబు వెనక చెయ్యి పెడితే, చెంబు చింతపండుతో తోమి ఉండేది. రోజూ ఉండేది. అసిరమ్మ ఒక్కనాడూ అడగలేదు."