పక్కనున్న ఖాళీ

ఖాదర్‌బాషా మాస్టారికి ఒక పట్టింపు ఉంది. డిస్కుకు నకలు తీశామని శిష్యులు ఎంత ఒట్టేసి చెప్పినా నమ్మరు. "ఏదీ, వేరే కంప్యూటర్లో తెరిచి చూపించు" అంటారు. అప్పటిదాకా అసలు డిస్కు జోలికి పోనివ్వరు. పాలిటెక్నిక్‌లో రిటైరయ్యాక ఒంగోల్లో ఒక మేడగదిలో, కంప్యూటరును నడిపే లినక్స్ నేర్పుతున్నారాయన.

ఒక మధ్యాహ్నం సువర్చల తన పాత ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆయన ముందు కూచుంది. చూపులేని పిల్లల హాస్టల్ కోసం ఆమె పాఠాలు చదివి రికార్డు చేస్తుంది. పరీక్షలు దగ్గరపడ్డాయి. చరిత్ర పాఠం సగంలో ఉండగా చోటు లేదని డిస్కు మొండికేసింది.

"మాస్టారూ, పక్కనే సగం డిస్కు ఖాళీగా పడి ఉంది. ఇక్కడ నాకేమో ఊపిరాడడం లేదు. అది నాకెందుకు కలవదు?"

ఆ సగం జెసింతది. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్ళు. ల్యాప్‌టాప్ కలిసి కొన్నారు, డిస్కు చెరిసగం పంచుకున్నారు, పాఠాలూ కలిసే చదివారు. కిందటేడు మాటామాటా పెరిగి జెసింత పెట్టె సర్దుకుని విజయనగరం వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే సువర్చల ఆమె సగాన్ని తుడిచేసింది. అప్పట్నుంచీ అది ఎవరికీ చెందని జాగా. గదిలో రెండో మంచమూ అంతే. దాని మీద మడతపెట్టిన బట్టలు కూడా పెట్టబుద్ధి కాలేదు ఆమెకు.

మాస్టారు సొరుగులోంచి ఒక డిస్కు తీసి ఇచ్చారు. "నీ సగానికి నకలు తీసుకుని రా."

మర్నాడు తెచ్చింది. ఆయన దాన్ని తన కంప్యూటరుకు తగిలించి, పేరైనా చూడకుండా ఏదో ఒక ఫైలు నొక్కారు. తెలుగు వాచకంలోని నాటిక. సువర్చల గొంతు రాజుగారిలా గంభీరంగా మొదలై, ఉన్నట్టుండి తుమ్మింది. వెంటనే జెసింత పకపకా నవ్వు.

"ఒసేయ్ సువ్వీ, రాజుగారికి జలుబేంటే! మంత్రిగారు కషాయం కాచాలా ఇప్పుడు?"

సువర్చల తలెత్తలేదు. ఏడాదిగా ఆ ఫైలు తెరవలేదామె. తుడవనూ లేదు.

"బాగానే వినిపిస్తోంది," అన్నారు మాస్టారు. "ఇక బయటికి రా."

"ఎక్కడికండీ?"

"నీ సగంలోంచి. లోపల కూచునే గోడ జరపొచ్చనే వాళ్ళూ ఉన్నారు. నాకంత ధైర్యం లేదు."

పెన్‌డ్రైవ్‌లో ఉన్న మరో లినక్స్‌తో ల్యాప్‌టాప్ తెరిపించారు. తన డిస్కును సువర్చల బయటినుంచి చూడడం అదే మొదటిసారి. ఒక పొడుగాటి పట్టీ. ఇటువైపు కిక్కిరిసిన తన భాగం, అటువైపు బూడిదరంగులో జెసింత ఖాళీ. మధ్యలో సన్నటి ముక్క ఒకటి. మెమరీ చాలనప్పుడు యంత్రం వాడుకునే స్వాప్ అది.

"ఇంతేనా అడ్డం?"

"ఇంతే."

స్వాప్‌ను ఆపి, అక్కణ్ణుంచి తీసేసి, పట్టీ అవతలి కొసన కొత్తగా పెట్టించారు. "ఇప్పుడు నీ భాగం పెంచు. మొదలు కదపకు, చివర ఒక్కటే జరుపు. ముందు హద్దు జరగాలి, తర్వాతే లోపలి ఫైళ్ళ అమరిక. ఛార్జరు మాత్రం పీకావంటే నేను మనిషిని కాను."

ఆమె నొక్కింది. గీత నెమ్మదిగా పాకుతుంటే రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని కూచుంది. మాస్టారు కొత్త స్వాప్ ఎక్కడుందో కూడా యంత్రానికి చెప్పించి, పెన్‌డ్రైవ్ తీసి మళ్ళీ తెరవమన్నారు. పాఠాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. చరిత్ర పాఠానికే కాదు, ఇంకో రెండేళ్ళ చదువులకూ చాలినంత చోటు.

సంతోషించాల్సిన సమయం. కానీ ఆ ఖాళీ వైపు చూస్తుంటే ఆమెకు గదిలో రెండో మంచమే గుర్తొచ్చింది. తేరుకుని, నకలున్న డిస్కు తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇక ఇది మీరు తీసేసుకోండి మాస్టారూ."

"నాకెందుకు? నీకే ఇచ్చాను. కానీ ఒకటి, నకలు అసలు పక్కనే ఉండకూడదు. ఆ గదిలో పెట్టకు."

"మరెక్కడ పెట్టను? ఇవ్వడానికి నాకెవరున్నారు?"

మాస్టారు అప్పటికే లేచి, కిటికీ తలుపు వేసుకుంటున్నారు.

"నాకందులో రెండు గొంతులు వినిపించాయమ్మాయ్," అన్నారు.