అడవి నమ్మిన బిరుదులు

మా రణధీర భూపతికి ఒకరోజు పొద్దున్నే కోపం వచ్చింది. మనుషుల మీద కాదు, అడవి మీద.

"మా ముత్తాతగారు విహారానికని పెంచిన అడవి అది. ఎప్పుడు వెళ్లినా చెట్లూ దుమ్మూ తప్ప ఏమీ లేవు. ఒక్క పిట్ట కూయదు, ఒక్క జింక కనబడదు. అడవికి వచ్చానో కట్టెల అడితికి వచ్చానో తెలియడం లేదు. మొత్తం కొట్టించి చెరుకు వేయిస్తాను" అన్నాడు నిండు సభలో.

అందరూ తలలూపారు. నేనూ ఊపబోయి ఆగాను. రాజుగారి వంటశాలలో భోంచేసి మధ్యాహ్నం నేను నడుం వాల్చేది ఆ అడవిలోనే మరి. ఇంట్లో మా ఆవిడ పడుకోనివ్వదు.

నా పేరు లింగన. రాజుగారిని నవ్వించడం నా ఉద్యోగం. నాకంటే ముందు నా బొజ్జ సభలోకి వస్తుంది కాబట్టి సగం పని అదే చేసిపెడుతుంది. ఈ వ్యవహారమంతా అయ్యాక జనం నన్ను అడవిని కాపాడిన మహానుభావుడని తెగ పొగిడారు. నేను కాపాడుకోవాలనుకున్నది నా కునుకుని.

"అదేంటి ప్రభూ, అడవి నిండా పిట్టలే కదా. వాటి గోలకి నాకు నిద్ర పట్టి చావదు" అని నోరు జారాను.

కేతరాజు పకపకా నవ్వాడు. ఈయన వందిమాగధుల పెద్ద. రాజుగారు గడప దాటితే చాలు, ముందు డప్పులు, కొమ్ముబూరలు, వాటికి ముందు ఈయన. "శత్రుభయంకరా, గండరగండా, దిక్కులదరగొట్టు దోర్దండా" అని బిరుదులు చదువుతాడు. అది మా రాజ్యంలో ఆచారం. రాజుగారు స్నానానికి బయల్దేరినా ఆ హడావుడి తప్పదు. కేతరాజుకి తన గొంతంటే ఎంత మురిపెమంటే, మాట్లాడేటప్పుడు కళ్లు మూసుకుని తన మాట తనే వింటుంటాడు.

"లింగన్నగారికి కలలో కనబడ్డాయేమో ప్రభూ. పిట్టలు లేకపోతే మనమే పెడదాం. చెక్క చిలకల్ని కొమ్మలకి కట్టిద్దాం. పొదల్లో నా శిష్యుల్ని కూర్చోబెట్టి కోయిల కూతలు కూయిస్తాను" అన్నాడు.

ఆ ముచ్చటా జరిగింది. రాజుగారు డప్పులతో సహా వెళ్లి చూశాడు. రంగు చిలకలు తలకిందులుగా వేలాడుతున్నాయి. పొదలో కోయిల రెండు కూతలు కూసి, చీమలు కుట్టేసరికి "ఓరి నాయనో" అంటూ పంచె దులుపుకుని లేచింది.

రాజుగారి మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగాడు.

"నీ పిట్టలెక్కడ లింగనా? రేపు పొద్దుగూకేలోపు చూపించు. లేదంటే ఎల్లుండి అడవికి గొడ్డళ్లు వస్తాయి. నీకు వంటశాలలో విస్తరి లేచిపోతుంది."

తల తీయిస్తానంటే కూడా అంత భయపడేవాణ్ణి కాదు. తల వల్ల నాకు పెద్దగా ఒరిగిందేమీ లేదు. విస్తరి సంగతి అలా కాదు. ఆ భయంలోనే నాకొక ఉపాయం తట్టింది.

"ప్రభూ, రేపు ఒక్కపూట నన్ను రాజుని చేయండి. పల్లకీ, డప్పులు, బూరలు, కేతరాజుగారు, అన్నీ నాకు. నేను అడవికి తూర్పు నుంచి వస్తాను. మీరు మామూలు పంచె కట్టుకుని, పడమటి కొసన వాగు ఒడ్డున ఒక్కరే కూర్చోండి. నోరు మాత్రం విప్పకండి."

"రాజుని నోరు మూసుకుని కూర్చోమంటున్నాడు, వింటున్నారా" అన్నాడు కేతరాజు.

రాజుగారికి నవ్వొచ్చింది. నవ్వొచ్చిందంటే ఒప్పుకున్నట్టే.

మర్నాడు పల్లకీ ఎక్కాను. బోయీలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "ఈ రాజుగారిలో ఇద్దరు రాజులున్నారు" అని గొణుక్కున్నారు. కేతరాజు పళ్లు కొరుకుతూ నాకు తగ్గ బిరుదులు కట్టాడు.

"గారెల గండా, ఆవడల అఖండా, నిద్రా సార్వభౌమా!"

వెక్కిరించడానికే చదివాడు. కానీ ఎంత వెక్కిరింపైనా ఆ గొంతు తగ్గదు కదా. డప్పులు మోగాయి, బూరలు పలికాయి. చెట్ల మీది పిట్టలన్నీ గుంపులుగా లేచి పడమటికి ఎగిరిపోయాయి. పొదలు కదిలాయి, జింకలు అటే పరుగెత్తాయి. నన్ను చూసి పారిపోవడానికి వాటికి డప్పులతో పని లేదు, అది వేరే విషయం. పల్లకీ ఊపు బాగుంది. అలా ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాను.

ఎవరో భుజం తట్టి లేపారు. చూస్తే రాజుగారు. పంచెకి బురద, జుట్టులో ఆకులు.

"నెమలి నా ముందు నుంచే నడిచి వెళ్లింది లింగనా. జింకలు నా పక్కనే నీళ్లు తాగాయి. వడ్రంగిపిట్ట చెట్టుని కొడుతుంటే విన్నాను. ఆకు రాలినా వినబడింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇన్నేళ్లూ ఇవన్నీ ఎక్కడికి పోయాయి?"

ఆయన పంచె అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ కళ్లు చెమర్చాయి.

"ఎక్కడికీ పోలేదు ప్రభూ. కేతరాజుగారు 'శత్రుభయంకరా' అంటే మేం విని ఊరుకుంటాం. పాపం, పిట్టలు నమ్మేశాయి."

రాజుగారు చెట్టుని పట్టుకుని నవ్వాడు. బోయీలు నవ్వారు. అంతలో ఆయనకేదో అనుమానం వచ్చి కేతరాజుని అడిగాడు.

"డప్పులు ఎప్పుడు ఆపారు?"

"మధ్యాహ్నానికే ప్రభూ, నా గొంతు పోయింది" అన్నాడు కేతరాజు బొంగురుగా.

"మరి ఆ తర్వాత కూడా మీ వైపు నుంచి జింకలు పరుగెత్తుకొస్తూనే ఉన్నాయే?"

"అప్పటికి లింగన్నగారికి నిద్ర పట్టింది ప్రభూ. ఆ గురక ముందు మా బూరలు ఏపాటి?"

ఈసారి రాజుగారు కింద కూలబడి నవ్వాడు. మామూలు పంచె కట్టినా మెడలో ఉండిపోయిన హారం తీసి నాకు వేశాడు. అడవిలో ఇక డప్పు మోగకూడదన్నాడు, కేతరాజు గొంతు సభకే పరిమితం అన్నాడు. అక్కడికక్కడే నాకొక కొత్త ఉద్యోగం కూడా ఇచ్చాడు: ఆయన విహారానికి వచ్చిన రోజుల్లో నేను కడుపునిండా భోంచేసి, అడవికి తూర్పు కొసన పడుకోవాలి.